ముప్పై ఎనిమిది మంది నాయనమ్మలు, ఒకటే పనసకాయ

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంగ్లీషు టీచర్లు నలుగురు ఈమధ్య మా ఇంటికొచ్చారు. "మీ అనుభవాలు రెండు ముక్కలు చెప్పండి మేడమ్, రాసుకుంటాం" అన్నారు. కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. పావుగంటకి లేచి నిలబడ్డాను. ఇంకాసేపటికి వసారాలో అటూ ఇటూ తిరుగుతూ చెబుతున్నాను. పాపం వాళ్లు మెడలు తిప్పలేక, నా స్పీడుకి రాసుకోలేక నానా అవస్థ పడ్డారు. వాళ్లు వెళ్లాక ఆ కాగితాలు చూస్తే ఒక్క ముక్కా అర్థం కాలేదని ఫోను చేసి చెప్పారు. అందుకని నేనే రాస్తున్నాను.

ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఇంక్రిమెంటు ఎక్కడ ఆగింది, ఏ ఫైలు ఎవరు తొక్కిపట్టారు లాంటివి ఇందులో ఉండవు. అవి అందరికీ జరిగేవే. నేను చెప్పబోయేది నా వల్ల ముప్పై ఎనిమిది మంది పిల్లల పదో తరగతి ఆగిపోయిన సంగతి. ముఖ్యంగా అందులో ఒక పిల్ల సంగతి.

కుదురు లేని మనిషి

నాకు ఓపిక లేదు. ఇది ముందే ఒప్పేసుకుంటే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. చిన్నప్పుడు మా అమ్మ నన్ను కాలు కాలిన పిల్లి అనేది. అన్నం తింటూ తింటూ లేచి వీధిలోకి తొంగిచూసి వచ్చేదాన్ని. చర్చిలో ప్రార్థన జరుగుతుంటే కళ్లు తెరిచి, నాలాగే ఇంకెవరు తెరిచారో చూసేదాన్ని. మా నాన్నగారు మిషన్ బడిలో పంతులు. "కరుణా, నువ్వు పంతులమ్మవైతే పిల్లలు బతకరే" అనేవారు. అయ్యాను. పిల్లలు బతికారు. నా గొప్ప ఏమీ లేదందులో.

మా హైస్కూలు రాజోలు అవతల, గోదావరి పాయ పక్కన ఒక ఊళ్లో. ఊరి పేరు రాయను, అక్కడివాళ్లు ఇంకా నన్ను పెళ్లిళ్లకి పిలుస్తున్నారు. బస్సు దిగి మైలు దూరం సైకిలు తొక్కాలి. పిల్లల్లో చాలామంది తండ్రులు కొబ్బరి తోటల్లో కాయల దింపుకో ఒలుపుకో వెళ్లేవాళ్లు. కొందరి తల్లులు కువైట్‌లో ఇళ్లలో పనికి ఉండేవారు. ఇంగ్లీషంటే వాళ్లకి తెలిసింది రేడియోలో క్రికెట్టు, మందు సీసా మీద కాగితం.

క్లాసులో ఒక ప్రశ్న అడుగుతాను. నలభై మంది నా మొహంలోకి చూస్తారు. ఎవరూ నోరు మెదపరు. ఒకటి, రెండు, మూడు అంకెలు లెక్కపెట్టేలోగా నాకు ఒళ్లంతా జెర్రులు పాకినట్టుండేది. "చెప్పండర్రా! నోట్లో ఏం పెట్టుకున్నారు?" అని అరిచి, జవాబు నేనే చెప్పేసేదాన్ని. ఎవరైనా ధైర్యం చేసి మొదలుపెట్టినా, రెండో మాట దగ్గర తప్పు వినపడగానే, "కాదు, ఇలా" అని మిగతా వాక్యం నేనే పూర్తిచేసేదాన్ని. తరవాత "అనండి" అంటే అందరూ అనేవారు. హమ్మయ్య అనిపించేది. నాకంటే ముందు సిలబస్ పూర్తిచేసిన టీచరు ఆ చుట్టుపక్కల లేదు. దాన్ని సామర్థ్యం అనుకుని చాలా ఏళ్లు మురిసిపోయాను.

శబ్దం

మా హెడ్మాస్టరు సూర్యారావు గారు. మంచి మనిషి, చెడ్డ సలహాదారు. మధ్యాహ్నం ఏ పిల్లాడైనా అన్నం తెచ్చుకోకపోతే తన క్యారేజీ విప్పి సగం పెట్టేవారు. కానీ పాఠం అంటే ఆయన లెక్కలో శబ్దం. తన గదిలో కళ్లు మూసుకుని కూర్చుని, ఏ క్లాసులోంచి ఎంత వినబడుతోందో వినేవారు.

చేరిన కొత్తలో నన్ను పిలిచి, "చూడమ్మా కరుణా, క్లాసన్నాక శబ్దం వినపడాలమ్మా. శబ్దం లేదంటే టీచరు కునుకు తీస్తున్నట్టే కదమ్మా" అన్నారు.

"ఆయ్, అలాగేనండి" అన్నాను.

నాకు కావలసిన మాటే ఆయన చెప్పారు. ఇంక ఆగుతానా? నా క్లాసు శబ్దం రోడ్డు దాకా వినబడేది. తనిఖీకి వచ్చినవాళ్లు వరండాలో ఆగిపోయి, "అబ్బ, ఎంత బాగా చెప్తన్నారండీ పిల్లలు!" అనేవారు. పిల్లలు చెబుతున్నది వాళ్లకి అర్థమై చెబుతున్నారా లేదా అని వరండాలో నిలబడ్డవాళ్లకి ఎలా తెలుస్తుంది? నాకే తెలియదు.

కొత్తవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. మిమ్మల్ని తిట్టే పై అధికారి వల్ల ఒక రోజు పాడవుతుంది. మీ చెడ్డ అలవాటుని మెచ్చుకునే పైవాడి వల్ల పదేళ్లు పోతాయి. ఆ పదేళ్లూ మీరు సంతోషంగానే ఉంటారు, అదే అందులో ప్రమాదం.

ఒక చిన్న మాట

ఇంగ్లీషులో 'వైల్' అని ఒక మాట ఉంది. మూడు తరగతుల పాటు పిల్లల్ని వేధించే మాట. దానికి పనులు రెండు. ఒక పని సాగుతుండగా ఇంకో పని జరిగిందని చెప్పడం ఒకటి. ఒకరు అలా, ఇంకొకరు ఇలా అని తేడా చెప్పడం రెండోది. తెలుగులో వీటికి వేరు వేరు దారులున్నాయి. 'ఉండగా' అంటాం, 'అయితే' అంటాం, 'మాత్రం' అంటాం, ఒక్కోసారి ఏమీ అనకుండా గొంతు మార్చి సరిపెట్టేస్తాం. రెంటికీ ఒకటే మాట అనేసరికి పిల్లలు తడబడతారు.

వాళ్లు చేసే తప్పులు నాకు కంఠతా వచ్చు. తేడా చెప్పేటప్పుడు దీన్ని ముందు పెట్టి, నమ్మకం చాలక మధ్యలో 'బట్' కూడా తగిలిస్తారు. ఒకటే చాలు, రెండోది తీసెయ్యాలి. ఇంకో తప్పు, చిటికెలో అయిపోయే పనికి దీన్ని అంటిస్తారు. గ్లాసు పగలడం, తలుపు కొట్టడం లాంటివాటికి. కొంతసేపు సాగే పని పక్కన ఉండాలిది. అన్నం ఉడకడం, ఏరు దాటడం, కాయలు ఒలవడం. పిల్లలకి ఈ తేడా నిమిషంలో పట్టుబడుతుంది, వాళ్ల ఇంట్లో జరిగేదే అడిగితే. "మీ నాన్న కాయలు ఒలుస్తుంటే మీ అమ్మ ఏం చేస్తుందిరా?" అని అడిగి, వాడు తెలుగులో చెప్పి, తడుముకుని, ఇంగ్లీషులో సగం చెప్పి, తప్పు చెప్పి, మళ్లీ చెప్పేదాకా నోరు మూసుకుని ఉండాలి. అంతే. అంత చిన్న పని.

ఆ నోరు మూసుకోవడమే నాకు చేతకాలేదు. అందుకని వాక్యం నేనే తయారుచేసి ఇచ్చేశాను.

చిన్నప్పుడు ఒకసారి మా నాయనమ్మతో సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురం వెళ్లాను. పంటు అంటే మనుషుల్నీ సైకిళ్లనీ మేకల్నీ అన్నిట్నీ ఎక్కించుకుని ఏరు దాటించే పడవ. అవతల మా మేనత్తకి ఇద్దామని నాయనమ్మ ఒక పనసకాయ తెచ్చింది, నా కంటే కాస్త చిన్నది. నడి ఏట్లో గాలి రేగింది. పంటు ఊగింది. నాయనమ్మ పనసకాయని వాటేసుకుంది, నేను నాయనమ్మని వాటేసుకున్నాను. దాన్నే ఇంగ్లీషులో పెట్టాను: "వైల్ మై గ్రాండ్‌మదర్ వాజ్ హోల్డింగ్ ద జాక్‌ఫ్రూట్, ఐ వాజ్ హోల్డింగ్ మై గ్రాండ్‌మదర్." తేడా చెప్పడానికి ఇంకోటి: నాయనమ్మకి పనస ఇష్టం, నాకేమో ఆ వాసనే పడదు.

పిల్లలు పగలబడి నవ్వారు. మర్నాడు అడిగితే వెనకబెంచీ వాళ్లు కూడా తప్పు లేకుండా అప్పజెప్పారు. నాకింక పట్టపగ్గాల్లేవు. దాని చుట్టూ పన్నెండు వాక్యాలు అల్లి, స్నేహితుడికి ఉత్తరంగా మార్చాను. ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టి పదో తరగతి దాకా, రోజూ మొదటి పీరియడ్‌లో ముందు ఆ ఉత్తరం కోరస్‌గా చెప్పాకే పాఠం. వీధిలో పాలుపోసే ఆయనకి కూడా వచ్చేసింది.

విత్‌హెల్డ్

తొంభైల చివర్లో ఒక ఏడు, పదో తరగతి ఇంగ్లీషు పరీక్షలో మీరు చేసిన ఒక ప్రయాణం గురించి స్నేహితుడికి ఉత్తరం రాయమన్నారు. పరీక్ష అయ్యాక పిల్లలు గేటు దగ్గర నన్ను చుట్టేశారు. "టీచరుగారండీ, పనసకాయ వచ్చేసిందండీ!" అని ఒకటే గోల. నేనూ వాళ్లతో పాటు గంతులేశాను, ఒట్టు.

ఫలితాల రోజు పేపర్లో మా బడి నంబరు ఒక్కటీ లేదు. సూర్యారావు గారు ఎస్టీడీ బూత్‌కి వెళ్లి ఫోను చేసి వచ్చారు.

"విత్‌హెల్డ్ అంటమ్మా. ముప్పై ఎనిమిదీ ఆపేసేరంట."

"ఎందుకండీ?"

"ఇంగ్లీషు పేపర్లో మాస్ కాపీయింగ్ అంటన్నారమ్మా."

పేపర్లు దిద్దేచోట ఒకే కట్టలో ముప్పై ఎనిమిది మంది నాయనమ్మలు, ఒకే పంటు మీద, ఒకే గాలికి ఊగుతూ, తలా ఒక పనసకాయ వాటేసుకుని కనిపించారట. మొదటి రెండు పేపర్లు చూసి నవ్వుకున్నారట. పదోదానికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. హాల్లో ఎవరో బోర్డు మీద రాసి పిల్లలచేత ఎక్కించారని అనుమానం. అనుకోరూ మరి? వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే అనుకుందును.

మధ్యాహ్నానికి వెంకన్న గారు వచ్చారు. ఒలుపు పని చేస్తారాయన, నేలలో పాతిన గునపానికి కొబ్బరికాయ గుచ్చి పీచు లాగేసే పని. ఆయన కూతురు నాగమణి ఆ బ్యాచిలో అందరికంటే బాగా చదివే పిల్ల. పాలిటెక్నిక్ ఎంట్రన్సులో మంచి ర్యాంకు వచ్చింది. పన్నెండు రోజుల్లో కాకినాడలో కౌన్సిలింగ్. మార్కుల మెమో చేతిలో లేకపోతే సీటు లేదు. ఆ ఇంట్లో పదో తరగతి పరీక్ష రాసిన మొదటి మనిషి ఆ పిల్లే.

ఆయన మెట్లెక్కలేదు. కిందనే నిలబడి అడిగారు. "టీచరుగారండీ, మా మణి కాపీ కొట్టిందంటన్నారండీ. కొట్టిందాండీ?"

"లేదు వెంకన్నగారూ."

"మరేంటండీ ఇదంతా?"

"నేను క్లాసులో చెప్పిందే అందరూ రాసేరండి."

"టీచరుగారు చెప్పింది రాస్తే తప్పెలాగవుద్దండీ?"

నాగమణి నాయనమ్మ ఆ పిల్ల పుట్టకముందే పోయింది. ఆవిణ్ణి కూడా నేను పంటెక్కించి, చేతికి పనసకాయ ఇచ్చాను.

బజ్జీల పొట్లం

నాలుగో రోజున అమలాపురంలో విచారణ అన్నారు. సూర్యారావు గారికి ఒక ఉపాయం తట్టింది. "నోట్సులు పోగెయ్యమ్మా. మూడేళ్ల నుంచీ తారీకులతో, నీ సంతకంతో ఉంటాయి కదా. అవి చూపిస్తే, హాల్లో పుట్టింది కాదని తెలుస్తుంది."

సైకిలు తీశాను. ఎర్రటి ఎండ. మొదటి ఇంట్లో, "నోట్సులా అండీ? పరీక్షలైపోయేయి కదండీ, అమ్మేసేమండీ" అన్నారు. రెండో ఇంట్లో అదే మాట. మూడో ఇంట్లో పొయ్యి రాజేశారట. తిరిగి తిరిగి సాయంత్రానికి సెంటర్లో బజ్జీల కొట్టు దగ్గర ఆగాను. పిల్లల నోట్సులన్నీ అక్కడికే చేరాయి. కొట్టు ముందు ఒకాయన మిరపకాయ బజ్జీ తింటున్నారు. ఆయన చేతిలో కాగితం మీద నా అక్షరాల్లాంటి అక్షరాలు, మధ్యలో పెద్దగా 'జాక్‌ఫ్రూట్'.

"బాబూ, అది ఇలా ఇవ్వండి."

"ఇంకా వేడిగా ఉన్నాయండీ, కొత్త వాయ వేస్తన్నారు, తీసుకోండి."

"బజ్జీ మీరే తినండి. నాకు కాగితం కావాలి."

ఆయన నన్నో చూపు చూసి ఇచ్చేశారు. నూనె మరకలోంచి నా సంతకం, తారీకు స్పష్టంగా కనబడుతున్నాయి. దాన్ని చీరకొంగుకి అద్ది బ్యాగులో పెట్టుకున్నాను. కొట్టులో మిగిలిన కట్టంతా వెతికితే ఇంకో మూడు దొరికాయి. నాగమణి ఒక్కర్తీ మూడేళ్ల పుస్తకాలూ అట్టలు వేసి ట్రంకుపెట్టెలో దాచింది. తెచ్చి ఇస్తుంటే నేను గడగడా ధైర్యం చెప్పాను. ఆ పిల్లకి కావలసింది ధైర్యమో కాదో కూడా అడగలేదు.

అమలాపురంలో గది

విచారణకి ఆరుగురు పిల్లల్ని తీసుకురమ్మన్నారు. సూర్యారావు గారు, నేను, ఆ ఆరుగురు బస్సులో వెళ్లాం. ఒక స్కూల్లో ఖాళీ గది. అధికారి సన్నగా, కళ్లజోడుతో, ముందు మజ్జిగ గ్లాసు పెట్టుకుని కూర్చున్నారు. అరవరు, విసుక్కోరు. అలాంటివాళ్లని చూస్తే నాకు ఇంకా కంగారు.

నూనె కాగితంతో సహా అన్నీ చూశారు. నాగమణి పుస్తకాలు ఒక్కో పేజీ తిప్పారు.

"ఈ ఉత్తరం మీదేనని నమ్ముతున్నానండి. ఇలాంటి పనసకాయని ఇంకొకళ్లు పుట్టించలేరు" అన్నారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. "కానీ అమ్మా, మూడేళ్ల పుస్తకాల్లో ఒక్క తప్పు లేదేంటండి? పిల్లలు రాస్తే తప్పులుంటాయి కదా."

"బోర్డు మీద నేను రాస్తానండి. వాళ్లు ఎక్కించుకుంటారు."

"మరి వీళ్లకి సొంతంగా రాయడం వచ్చాండి? రాదంటే, హాల్లో కూడా ఎవరో రాసిస్తే ఎక్కించారని నేను అనుకోవాలి. వచ్చంటే, మీరు చెప్పింది గుర్తుపెట్టుకుని రాశారని అనుకుంటాను."

"వచ్చండి" అన్నాను. నాకు తెలియదు. మూడేళ్లు చెప్పిన పిల్లల గురించి ఆ ముక్క నాకు తెలియదు.

ఆయన తలా ఒక తెల్లకాగితం ఇచ్చారు. "వైల్ అన్న మాట పెట్టి రెండు వాక్యాలు రాయండమ్మా. పంటు, నాయనమ్మ, పనసకాయ రాకూడదు. ఎంతసేపైనా పర్లేదు."

ఆరుగురూ కాగితం వంక చూడలేదు. నా వంక చూశారు. నాగమణి పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీసింది. గదిలో చప్పుడు లేదు. నా కాళ్లు కుర్చీ కింద ఆడుతున్నాయి. ఆ పిల్ల సీటు, వాళ్ల నాన్న మెట్ల కింద నిలబడటం, అన్నీ కళ్లముందు తిరుగుతున్నాయి. ఒక్క మాట అందిస్తే అల్లుకుపోతుంది కదా అనిపించింది.

"మణీ, మీ నాన్న కాయలు ఒలుస్తుంటే..."

నోట్లోంచి వచ్చేసింది. అధికారి గ్లాసు కింద పెట్టారు. "టీచరుగారూ."

"క్షమించండి, క్షమించండి."

రెండు నిమిషాలు కూడా కాలేదు. నాగమణి ఒక మాట రాసి కొట్టేసింది. నేను కుర్చీలోంచి లేచి వంగి చూశాను. ఏం చూశానో, ఏం అనబోయానో నాకే తెలియదు. నోరైతే తెరిచాను.

ఆయన మెల్లిగా అన్నారు. "మీరు దయచేసి బయట కూర్చోండి. మీరిక్కడుంటే ఈ కాగితాలు దేనికీ పనికిరావు."

సూర్యారావు గారు నా మోచెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చారు. ఆయన బల్ల మీద కూలబడ్డారు. నేను ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తున్నాను.

"కూర్చోమ్మా."

"కూర్చోలేనండి."

"నేనే కదమ్మా నీకు చెప్పేను, శబ్దం ఉండాలని" అన్నారాయన.

"మీరు చెప్పకపోయినా నేను అదే చేద్దునండి. మీ మీద తొయ్యలేను."

గదిలోంచి ఏమీ వినబడటం లేదు. చప్పుడు లేని గదిలో పిల్లలు ఏం చేస్తారో అప్పటిదాకా నేనెప్పుడూ చూడలేదు. అంతసేపు ఊరుకుంటే గదా చూడటానికి. ప్రభువా, ఒక్క వాక్యం ఇయ్యి ఆ పిల్లకి, నా వాక్యం కాకుండా ఏదైనా ఇయ్యి అని నడుస్తూనే ప్రార్థన చేశాను. అరగంట పట్టింది. నా సర్వీసులో అంత పొడుగు అరగంట లేదు.

అధికారి కాగితాలతో బయటికొచ్చారు. ఒకడు బస్సు గురించి రాశాడు. ఒక పిల్ల మేక గురించి రాసింది. ఆరు కాగితాలూ ఆరు రకాలు. నాగమణి కాగితం నా చేతికిచ్చారు. కొట్టివేతల కింద రెండు వరసలున్నాయి.

"వైల్ టీచర్ వాజ్ ఇన్ ద రూమ్, ఐ వాజ్ ఫియర్. వైల్ టీచర్ వాజ్ అవుట్, ఐ రైట్."

టీచరుగారు గదిలో ఉన్నంతసేపూ నాకు భయం. టీచరుగారు బయట ఉండగా నేను రాశాను.

"తప్పులున్నాయండి" అన్నారాయన. "ప్రతి కాగితంలోనూ ఉన్నాయి, ఎవరి తప్పులు వాళ్లవి. నాకు అవి చాలు. అడిగిన మాట మాత్రం ఈ అమ్మాయి రెండుసార్లూ సరైన చోటే పెట్టింది, చూశారా?"

"చూశానండి."

"కాపీ కాదని రిపోర్టు రాస్తాను. మీ గురించి ఏం రాయాలో నాకు తెలియడం లేదు."

ఆయన నిజంగా ఏమీ రాయలేదని తరవాత తెలిసింది. రాసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

బస్సులో పిల్లలు వేరుశనక్కాయలు తింటూ ఒకరి వాక్యం ఒకరికి చెప్పుకుని నవ్వుకుంటున్నారు. నాగమణి వెనక సీట్లో కిటికీవైపు తిరిగి కూర్చుంది. నాకు బతికామన్న సంతోషం ఒకపక్క, సిగ్గు ఒకపక్క. సంతోషం రావులపాలెం వైపు రోడ్డు దాటేలోగా అయిపోయింది. సిగ్గు ఇంటిదాకా వచ్చింది.

తరవాత ఏం చేశానంటే

ఆ జూన్‌లో క్లాసుకి వెళ్లి బోర్డు మీద ఏమీ రాయలేదు. ఒక ప్రశ్న అడిగి, చేతులు వెనక్కి పెట్టి కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను. మొదటి వారం నాకు రోజూ తలనొప్పి. పిల్లలు నాకు ఒంట్లో బాగోలేదనుకున్నారు. ఒకడు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. రెండో వారంలో ఎవరో ఒక తప్పు వాక్యం చెప్పారు. దిద్దబోయి నాలిక కరుచుకున్నాను. నిజంగానే కరుచుకున్నాను, నెత్తురొచ్చింది.

నేను మారిపోయానని చెప్పను. సూర్యారావు గారి తరవాత వచ్చిన హెడ్మాస్టరు, "మీ క్లాసు వినపడతం లేదేంటండీ?" అని అడిగినప్పుడల్లా మళ్లీ కోరస్ మొదలుపెట్టాలని చెయ్యి లేచేది. కొన్నిసార్లు మొదలుపెట్టాను కూడా. పబ్లిక్ పరీక్షల ముందు రెండు నెలలు నాలో పాత మనిషి లేచొచ్చేది. కంఠతా పెట్టించడం మొత్తం తప్పని కూడా అనను. ఎక్కాలూ పద్యాలూ అలాగే వచ్చాయి మనకి. కానీ పిల్ల నోట్లో వాక్యం మొలుస్తున్నప్పుడు మనం మన వాక్యం తెచ్చి పెట్టకూడదు. గైడ్లు చేసే పని గైడ్లు చేస్తాయి, దానికి మనమెందుకు, జీతమెందుకు?

మెమో

ఇది చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. ఆ నలుగురు టీచర్లకి కూడా చెప్పలేదు.

తొమ్మిదో రోజున మెమోలు వచ్చాయి. నాగమణిది నేనే తీసుకుని సైకిలెక్కాను. కౌన్సిలింగ్‌కి ఇంకా టైముంది. ఆ పిల్ల కాకినాడ వెళ్లింది, సీటు తెచ్చుకుంది, చదువు పూర్తిచేసి ఉద్యోగంలో చేరింది. అందులో నాకు వాటా ఏమీ లేదు.

వెంకన్న గారు తోటలో గునపం దగ్గర పనిలో ఉన్నారు. నన్ను చూసి చేతులు పంచెకి తుడుచుకుని పరిగెత్తుకొచ్చారు. "వచ్చేసిందాండీ?" అని మెమో రెండు చేతులా అందుకున్నారు. ఆయనకి చదవడం రాదు. పైనుంచి కిందిదాకా వేలితో తడిమి చూశారు. "ఇందులో కాపీ అని ఎక్కడా లేదు కదండీ?"

"లేదు వెంకన్నగారూ. ఎక్కడా లేదు."

ఆయన కళ్లు తుడుచుకుని, నాకు బొండాం కొట్టి తెస్తానని తోటలోకి వెళ్లారు. అరుగు మీద నేనూ నాగమణీ మిగిలాం.

"మణీ, నేనంటే అంత భయమా?" అని అడిగాను.

ఆ పిల్ల మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. తోటలో బొండాం మీద కత్తి పడిన చప్పుడు వినబడింది. ఇంకోసారి వినబడింది. నేను అరుగు అంచు పట్టుకుని కూర్చున్నాను.

"మీరంటే భయం కాదండీ" అంది చివరికి. ఆగింది. మాటలు వెతుక్కుంది. "నేను ఏదన్నా మొదలెడితే మీరు చెప్పేస్తారు కదండీ. ఇంక నాది ఎక్కడికెళ్లిపోద్దో తెలీదండీ." మళ్లీ ఆగింది. "ఈ మూడేళ్లలో ఒక్కసారన్నా నా వాక్యం నన్ను చివరిదాకా చెప్పనిచ్చేరాండీ?"

కోపంతో అడగలేదు. తనకి గుర్తులేదేమో, నాకైనా గుర్తుందేమోనని అడిగింది. నేను ఆ మూడేళ్లూ మనసులో వెతికాను.

"లేదమ్మా" అన్నాను.